బంగారు బిల్లు నుంచి బస్సు దారి దాకా: ఇంట్లో కూర్చుని కంప్యూటర్ సైన్స్

ముందుగా కావలసిన సరుకు. పదో తరగతి లెక్కలు గట్టిగా రావాలి. శాతాలు, భిన్నాలు, ఘాతాంకాల దగ్గర తడబడకూడదు. ఇంగ్లీషు చదివితే ముప్పాతిక వంతు అర్థమైతే చాలు, మిగతాది మూడు నెలల్లో దానంతట అదే పట్టుబడుతుంది. రెండు వందల పేజీల నోటుబుక్కులు నాలుగు. ఒక లాప్‌టాప్. రోజుకు రెండున్నర గంటల చొప్పున వారానికి ఆరు రోజులు, ఏడాదిన్నర పాటు. అంటే దగ్గర దగ్గర పన్నెండు వందల గంటల చాకిరీ. పాఠాలకు పైసా ఖర్చు లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య ఏ పల్లెలో ఉన్నా ఈ సరుకు సమకూర్చుకోవచ్చు. ఇందులో కరువయ్యేది ఆ గంటలే.

లాప్‌టాప్ కొత్తది అక్కర్లేదు. పెద్ద కంపెనీల ఆఫీసుల్లో మూడు నాలుగేళ్ళు వాడి మార్చేసిన యంత్రాలు సెకండ్ హ్యాండ్‌లో పదిహేను నుంచి ఇరవై వేలకు దొరుకుతాయి. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే ఈ చదువు మొత్తానికి సరిపోతుంది. కొనేటప్పుడు ప్రతి మీటా నొక్కి చూడాలి, మూత కీళ్ళు వదులయ్యాయేమో చూడాలి, చార్జర్ తీసేసి అరగంట నడిపించాలి. ఇంటికి తెచ్చాక వెనక మూత విప్పి, ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులపాలి. ప్రాసెసర్‌కీ దాని మీది రాగి పలకకూ మధ్య ఉండే థర్మల్ పేస్ట్, అంటే వేడిని ఇటు నుంచి అటు మోసే జిగురు, ఎండిపోయి ఉంటే తుడిచి బఠాణీ గింజంత కొత్తది పెట్టాలి. మన వైపు ఇది తప్పనిసరి. మే నెలలో గదిలోనే నలభై డిగ్రీలు దాటితే, లోపల ప్రాసెసర్ వంద డిగ్రీల దగ్గరికి పోయి, కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. యంత్రాన్ని పరుపు మీద కాక చెక్క బల్ల మీద పెట్టాలి. ఎండాకాలమంతా తెల్లవారుజాము నాలుగున్నర నుంచి ఏడు దాకా కూర్చోవడం మనిషికీ యంత్రానికీ మేలు.

తర్వాత 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, దాని నుంచి లాప్‌టాప్‌లో పెట్టుకోవాలి. అరగంట పని. ఇదీ ఉచితమే. గంట వీడియో 480 నాణ్యతలో రమారమి 300 ఎంబీ పడుతుంది కాబట్టి మామూలు రీచార్జి చాలు. కరెంటు పోయినా పాఠం ఆగకుండా వీడియోలను రాత్రే దించి పెట్టుకోవాలి.

ఇక పాఠం. మొదలుపెట్టడానికి హార్వర్డ్ వాళ్ళ సీఎస్50ని మించింది నాకు తెలిసి లేదు. డేవిడ్ మలాన్ 2007 నుంచి చెబుతున్న తరగతి ఇది. పాఠాలు, లెక్కలు, సరిదిద్దే యంత్రాంగం అన్నీ బయటివాళ్ళకూ తెరిచే ఉన్నాయి. వారం 0లో ఆయన లావుపాటి టెలిఫోన్ డైరెక్టరీని నడిమికి చించి, వెతికే పేరు లేని సగాన్ని పారేస్తాడు. మిగిలిన సగాన్ని మళ్ళీ నడిమికి చించుతాడు. లక్ష పేర్లు వరుసగా ఉన్న జాబితాలో ఏ పేరైనా ఇలా పదిహేడు అడుగుల్లో దొరుకుతుంది, ఎందుకంటే 2ను పదిహేడు సార్లు గుణిస్తే 1,31,072. ఈ వీడియో చూసి అబ్బా అనుకోవడం తేలికే. అదే పనిని సీ భాషలో తన చేత్తో రాసి, మొదటి పేరు దగ్గరా చివరి పేరు దగ్గరా తప్పు రాకుండా నిలబెట్టడానికి మూడు రోజులు పడుతుంది. చదువు ఉండేది ఆ మూడు రోజుల్లో.

అందుకే గంటలను ఇలా పంచాలి: వీడియోకు మూడు గంటలైతే లెక్కలకు పన్నెండు. వీడియో చూస్తూ నోటుబుక్కులో ప్రోగ్రాం రాసుకోవాలి, పెన్సిలుతో ఒక్కో లైను నడిపించాలి, ఏ డబ్బాలో ఏ అంకె ఉందో పక్కన వేసుకోవాలి. ఆ తర్వాతే కీబోర్డు. కంపైలర్, అంటే మనం రాసింది యంత్రానికి తెలిసే భాషలోకి మార్చే ప్రోగ్రాం, మొదటి నెలంతా తప్పులే చూపిస్తుంది. పది తప్పులు చూపిస్తే పైనున్న మొదటిది మాత్రమే చదివి దిద్దాలి. కింద ఉన్న తొమ్మిదిలో సగం దానివల్ల పుట్టినవే. చాట్ యంత్రాలను కోడ్ రాసిపెట్టమని అడగకూడదు. ఈ తప్పుకు అర్థమేమిటని అడగడం వరకు పనికొస్తాయి. సీఎస్50లోనే అలా సూచన మాత్రం ఇచ్చి ఊరుకునే బాతు బొమ్మ సహాయకుడు ఒకటుంది.

మూడో వారానికల్లా కోర్సు ఇచ్చిన లెక్కలతోపాటు సొంత పని ఒకటి పక్కన మొదలుపెట్టాలి. ప్రొద్దుటూరు వాళ్ళకు వెతుక్కోవలసిన పని లేదు, బంగారు కొట్ల బజారు ఉంది. గొలుసు బరువు 12.340 గ్రాములు. తరుగు, అంటే చేతలో పోయే బంగారం కింద కలిపేది, 8 శాతం. లెక్క తేలిగ్గా ఉండడానికి గ్రాము రేటు 9,000 అనుకుందాం. జీఎస్టీ 3 శాతం. కాలిక్యులేటర్ మీద అర నిమిషం పని: తరుగుతో 13.3272 గ్రాములు, ధర 1,19,944 రూపాయల 80 పైసలు, పన్నుతో 1,23,543 రూపాయల 14 పైసలు.

దీన్నే దశాంశాలతో ప్రోగ్రాంగా రాస్తే మొదటి గోడ తగులుతుంది. యంత్రం అంకెలను 0, 1 అనే రెండు గుర్తులతోనే దాస్తుంది. పదింట ఒక వంతు ఆ పద్ధతిలో ఎప్పటికీ తెగదు. మూడో వంతును దశాంశంలో రాస్తే 0.333 అంటూ తెగకుండా పోతుందే, అలాగే. పైథాన్‌ను 0.1కి 0.2 కలపమంటే 0.30000000000000004 అని చెబుతుంది. ఒక బిల్లులో ఆ తేడా కనబడదు. రోజంతా బిల్లులు కూడితే ఎక్కడో ఒక పైసా దగ్గర లెక్క తప్పుతుంది, బంగారు కొట్లో పైసా తేడాకైనా సంజాయిషీ ఉండాలి.

మందు తెలిసిందే: దశాంశాలు మానేసి బరువును మిల్లీగ్రాముల్లో, డబ్బును పైసల్లో పెట్టుకోవాలి. 12,340 మిల్లీగ్రాములు. మిల్లీగ్రాము ధర 900 పైసలు. తరుగు కలిపితే నూటికి 108, పన్ను కలిపితే నూటికి 103. మధ్యలో భాగిస్తే శేషం పోతుంది కాబట్టి ముందు నాలుగింటినీ గుణించి, ఆఖరున ఒక్కసారి పదివేలతో భాగించాలి. ఇక్కడ రెండో గోడ. ఆ గుణకారం విలువ 1,23,54,31,44,000, అంటే పన్నెండు వేల కోట్లు దాటింది. సీ భాషలో మామూలు పూర్ణసంఖ్య డబ్బాలో 214 కోట్లకు పైన పట్టదు. డబ్బా పొంగి అర్థం లేని అంకె బయటికొస్తుంది, ఒక్కోసారి రుణసంఖ్య కూడా. 64 బిట్ల డబ్బా తీసుకుని, భాగించే ముందు 5,000 కలిపితే సగం పైసా పైన ఉన్నది పై పైసాకు సర్దుకుంటుంది. జవాబు 1,23,54,314 పైసలు, కాలిక్యులేటర్‌తో అచ్చంగా సరిపోతుంది. ఇరవై లైన్ల ప్రోగ్రాం ఇది. పుస్తకంలో రెండు అధ్యాయాలు చదివి మరచిపోయే సంగతులు ఈ ఇరవై లైన్లలో జన్మకు గుర్తుండిపోతాయి.

నాలుగో వారంలో మెమొరీ వస్తుంది, చాలామంది ఆగిపోయేదీ ఇక్కడే. పాయింటర్ అంటే ఒక విలువ కాదు, ఆ విలువ ఉన్న చోటి చిరునామా. వినడానికి ఇంతే. దాన్ని వంటపట్టించే లెక్క పేరు రికవర్, నా లెక్కలో సీఎస్50 మొత్తానికి అందమైన లెక్క అదే. ఫోటోలు చెరిగిపోయిన కెమెరా కార్డు నకలు ఒకటి ఇస్తారు. దాన్ని 512 బైట్ల ముక్కలుగా చదువుకుంటూ పోవాలి. ముక్క మొదట్లో 255, 216, 255 అన్న అంకెలు వరుసగా కనబడి, నాలుగో బైటు కూడా చెప్పిన పోలికలో ఉంటే అక్కడ ఒక ఫోటో మొదలైనట్టు. కొత్త ఫైలు తెరిచి అందులోకి పోయాలి. మళ్ళీ అదే గుర్తు కనబడగానే దాన్ని మూసి మరొకటి తెరవాలి. సరిగ్గా రాస్తే 50 ఫోటోలు బయటపడతాయి. ఒక్క బైటు పక్కకు జరిగితే ఒక్కటి కూడా తెరుచుకోదు. దీనికి రెండు వారాలు పట్టినా ఇవ్వాలి.

ఐదో వారంలో హ్యాష్ టేబుల్. పేరును చూడగానే అది ఏ అరలో ఉండాలో ఒక సూత్రంతో తేల్చి నేరుగా ఆ అర దగ్గరికే పోయే ఏర్పాటు. కోర్సులో 1,43,091 మాటల నిఘంటువును ఇలా అరల్లో సర్ది, పెద్ద వ్యాసాల్లో అక్షర దోషాలు పట్టాలి. ఊళ్ళో దీనికి జోడీ హాల్‌మార్క్ నంబరు. నగ మీద లేజరుతో చెక్కే హెచ్‌యూఐడీలో ఆరు గుర్తులుంటాయి, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి. ఒక్కో చోట 36 రకాలు పెట్టే వీలుంటే మొత్తం 217 కోట్ల పైచిలుకు నంబర్లు. కొట్లో ఉన్న నాలుగైదు వేల నగలకు అన్ని అరలు కట్టలేం. పది వేల అరలు కట్టి, రెండు నగలు ఒకే అరలో పడితే ఏం చేయాలో రాసుకోవాలి. బిల్లు ప్రోగ్రాంకు ఇది తగిలిస్తే నంబరు కొట్టగానే బరువూ తరుగూ తెరమీదికి వస్తాయి.

ఇవన్నీ కోర్సు లెక్కలోని వారాలు, ఒక్కోటి మనకు వారానికి మించి పడుతుంది కాబట్టి ఇక్కడికి మూడు నెలలు. ఆరో వారం నుంచి భాష పైథాన్‌కు మారుతుంది, గాలి ఆడినట్టు ఉంటుంది. సీలో అరవై లైన్లు పట్టింది ఇక్కడ పదిహేనుకు దిగుతుంది. ఊరి పేర్లను తెలుగులోనే ఇచ్చి చూడాల్సింది ఈ దశలోనే. ‘ప్రొద్దుటూరు’ పొడవెంతని అడిగితే పైథాన్ 12 అంటుంది. కంటికి కనబడేవి నాలుగే: ప్రొ, ద్దు, టూ, రు. యూనికోడ్‌లో హల్లు ఒకటి, పొల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఒకటి, ఇలా విడివిడిగా లెక్క. ఒక్క ‘ప్రొ’ లోనే నాలుగున్నాయి. అదే మాటను సీ ప్రోగ్రాంకు ఇస్తే 36 వస్తుంది, ఎందుకంటే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు. బిల్లు మీద పేరు గడిలో పట్టక సగానికి తెగితే, తెగేది అక్షరం నడుమనే. ఇంగ్లీషు మాత్రమే వాడేవాళ్ళకు ఏళ్ళ తరబడి ఎదురుకాని సమస్య మనకు మొదటి రోజే చేతికొస్తుంది. దాన్ని వదలకుండా దిద్దుకున్నవాళ్ళకు అక్షరాలకూ బైట్లకూ ఉన్న తేడా ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఏడో వారం డేటాబేస్. దీనికి పులివెందుల వైపు చీనీ కాయల ధరలు మంచి సరుకు. వ్యవసాయ మార్కెట్ల రోజువారీ ధరలను కేంద్ర ప్రభుత్వపు అగ్‌మార్క్‌నెట్ ఉచితంగా ఇస్తుంది. అక్కడ చీనీ పేరు మోసంబి, ధర క్వింటాలుకు. ఇక్కడి రైతు మాట్లాడేది టన్నులో. అంటే పదితో గుణించాలి, పేరు మార్చాలి, సెలవు రోజుల ఖాళీలను సున్నాగా కాక ఖాళీగానే ఉంచాలి. సున్నా వేస్తే నెల సగటు పడిపోతుంది. ఈ శుభ్రం చేసే పనికి రెండు వారాలు, ప్రశ్న అడగడానికి మూడు లైన్లు. పేరున్న కంపెనీల్లో కూడా ఈ పనికి పట్టే పాళ్ళు ఇవే.

ఎనిమిది, తొమ్మిది వారాల్లో వెబ్ పేజీలు. తేలిగ్గానే పోతాయి.

ఇప్పటికి ఐదున్నర నెలలు. చాలామంది ఇక్కడితో ఆపి ఉద్యోగాల వేటలో పడతారు. వాళ్ళను తప్పుపట్టలేం. ఇంకో ఏడాది కూర్చోగలిగితే మాత్రం ప్రోగ్రాంలు రాయడం నుంచి కంప్యూటర్ సైన్స్‌లోకి అడుగుపెట్టడం మొదలవుతుంది.

తర్వాతి రెండు నెలలూ నాండ్ టు టెట్రిస్. నోమ్ నిసాన్, షిమోన్ షోకెన్ 2005లో పుస్తకంగా తెచ్చిన కోర్సు, సాఫ్ట్‌వేర్ ఉచితం. చేతిలో పెట్టేది ఒకే ఒక్క గేటు, నాండ్. రెండు తీగల్లోనూ 1 వస్తేనే 0 ఇస్తుంది, మిగతా అన్నిటికీ 1. రెండు తీగలనూ ఒకటిగా కలిపి కడితే అది ‘కాదు’ గేటవుతుంది. నాండ్ వెనక ‘కాదు’ తగిలిస్తే ‘మరియు’ గేటు. ముందు రెండు తీగల మీదా ‘కాదు’ పెట్టి నాండ్‌లో కలిపితే ‘లేదా’. మొదటి ప్రాజెక్టులో ఇలా 15 చిప్‌లు కట్టాలి, రెండోదానిలో కూడికలు చేసే చిప్, మూడోదానిలో గుర్తుపెట్టుకునేది, ఐదోదానిలో 16 బిట్ల కంప్యూటర్ మొత్తం. తీగ తీగా నోటుబుక్కులో గీసి చూసుకోవాలి. సీఎస్50 నాలుగో వారంలో పాయింటర్ దగ్గర మిగిలిన మసక ఇక్కడ పూర్తిగా పోతుంది, ఆ చిరునామా తీగల మీద నడిచి పోవడం స్వయంగా కట్టి చూస్తారు కాబట్టి.

లెక్కల దశ నిదానంగా నడవాలి. ఎంఐటీ తన పాఠాలను లోకానికి ఉచితంగా ఇస్తానని 2001లో ప్రకటించింది. వాటిలో 6.042 కంప్యూటర్ సైన్స్‌కు కావలసిన గణితం, 6.006 అల్గారిదంలు. మన ఇంటర్మీడియట్ ఎంపీసీలో చదివిన గణితానుగమనం ఇక్కడ నేరుగా పనికొస్తుంది: మొదటి మెట్టుకు నిజమని చూపి, ఏ మెట్టుకు నిజమైనా తర్వాతి మెట్టుకూ నిజమేనని చూపడం. తెలుగు మీడియంలో చదివినవాళ్ళు ఆ పాత పుస్తకం తీసి పక్కన పెట్టుకోవాలి. ఎంఐటీ పాఠం మరీ వేగంగా పోతోందనిపిస్తే చెన్నై మేథమేటికల్ ఇన్‌స్టిట్యూట్ మాధవన్ ముకుంద్ పైథాన్‌తో చెప్పే ఎనిమిది వారాల ఎన్‌పీటీఈఎల్ కోర్సు ఉంది. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆ ఏర్పాటులో పాఠం ఉచితం, పరీక్ష రాస్తేనే వెయ్యి రూపాయలు. వారం వారం చేసే లెక్కలకు 25 మార్కులు, పరీక్షకు 75. కొన్ని కోర్సుల పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి. మొత్తం చదువులో జేబులోంచి తీసే ఫీజు ఇదొక్కటే, కాలేజీ పేరు లేనివాళ్ళకు ఆ పరీక్ష పాసైతే ఇచ్చే సర్టిఫికెట్ పనికొస్తుంది కూడా.

అల్గారిదంల దశకు సొంత పని: జమ్మలమడుగు బస్టాండులో దిగిన మనిషి పులివెందులకు తొందరగా చేరేదెలా? ఆరు ఊళ్ళు చుక్కలు: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, ముద్దనూరు, వేంపల్లె, పులివెందుల. వాటిని కలిపే ఏడు రోడ్లు గీతలు. ఇలాంటి బొమ్మనే గ్రాఫ్ అంటారు. గడుల పట్టికగా రాస్తే 36 గడుల్లో ఎక్కువ ఖాళీ. ప్రతి ఊరి కిందా దాని పొరుగూళ్ళను రాసుకుంటే 14 నమోదులతో అయిపోతుంది. ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1956లో ఆలోచించి 1959లో అచ్చువేసిన పద్ధతి ఇక్కడ వాడేది. బయలుదేరిన ఊరికి సున్నా, మిగతా అన్నిటికీ అనంతం వేస్తారు. ఇంకా ఖాయం కాని ఊళ్ళలో అన్నిటికంటే తక్కువ అంకె ఉన్నదాన్ని ఖాయం చేసి, దాని పొరుగూళ్ళకు ఆ దారిన తగ్గుతుందేమో చూస్తారు. మళ్ళీ అదే.

కిలోమీటర్లతో రాస్తే ఇది ఒక పూట పని. అసలు కష్టం బస్సు దగ్గర వస్తుంది. ముద్దనూరులో దిగాక తర్వాతి బస్సు ఎప్పుడో అన్నదాన్ని బట్టి దారి మారిపోతుంది. అప్పుడు ఊరికి వేసే అంకె దూరం కాదు, అక్కడికి చేరే వేళ. గీత వెంట పోవాలంటే ఆ వేళ తర్వాత కదిలే మొదటి బస్సును టైము పట్టికలో వెతకాలి. పట్టిక వరుసగా ఉంటుంది కాబట్టి సీఎస్50 వారం 0లో నేర్చిన సగానికి చించే పద్ధతే ఇక్కడ మళ్ళీ చేతికొస్తుంది. కాచుకునే సమయం ఎన్నటికీ సున్నా కన్నా తగ్గదు, వెనక కదిలిన బస్సు ముందుదాన్ని దారిలో దాటిపోనంత వరకు ముందు చేరినవాడు ఇంటికి ఆలస్యంగా పోవలసిన పని లేదు. అందువల్ల డైక్‌స్ట్రా పద్ధతి చెడదు. ఎందుకు చెడదో గణితానుగమనంతో అర పేజీ రుజువు రాసుకున్నాకే ప్రోగ్రాంను నమ్మాలి. టైములు మాత్రం ఆ ఊళ్ళ బస్టాండ్లకు పోయి, బోర్డు చూసి, కంట్రోలర్‌ను అడిగి స్వయంగా రాసుకురావాలి.

ఒంటరి చదువులో లోటు ఒకటే, రాసింది చదివి ఇది బాగాలేదని చెప్పే మనిషి ఉండడు. ఈ చుట్టుపక్కల ఆ మనిషికి కొదవ లేదు. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, ప్రొద్దుటూరులో యోగి వేమన యూనివర్సిటీ వారి కాలేజీ ఉంది, ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. ఆ ట్రిపుల్ ఐటీకి రూపు దిద్దిన రాజ్ రెడ్డి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నవాడు. కంప్యూటర్ సైన్స్‌లో అంతకు మించిన గుర్తింపు లేదు. పల్లె బడి నుంచి వచ్చినవాళ్ళకు లాప్‌టాప్ ఇచ్చి, తెరమీది పాఠంతో చదివించవచ్చని నమ్మిన మనిషి. అక్కడ చదివే పిల్లలు సెలవులకు ఊరికి వస్తారు. ఆదివారం ఓ గంట కూర్చుని మన కోడ్ చదివి పెట్టమంటే కాదనరు. అడగాలి.

మిగిలిన నెలల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్‌లు, చివరి ప్రాజెక్టు. విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్ళ ‘ఆపరేటింగ్ సిస్టమ్స్: త్రీ ఈజీ పీసెస్’ అధ్యాయాలన్నీ ఉచితంగా దొరుకుతాయి, ఒక్కో అధ్యాయం చివర ఉన్న లెక్కలు చేయకుండా తర్వాతిది తెరవకూడదు.

చివరి ప్రాజెక్టు కొత్తది కానక్కర్లేదు. బంగారు బిల్లునే బయటివాళ్ళు వాడేలా కట్టాలి: తెలుగులో పేజీ, వెనక డేటాబేస్, ప్రతి ఫంక్షన్‌కూ ఒక పరీక్ష. ప్రతి మార్పునూ గిట్‌లో కమిట్ చేయాలి, అంటే ఏం మార్చాం, ఎందుకు మార్చాం అని ఒక లైను రాసి భద్రపరచాలి. గిట్‌హబ్‌లో పెట్టడానికి డబ్బేమీ తీసుకోరు. ఇంటర్వ్యూలో అడిగేవాళ్ళు సర్టిఫికెట్ కన్నా ముందు చూసేది ఆ కమిట్ల వరుసనే.

తెలిసిన కొట్లో వారం రోజులు వాడి చూడమని ఇస్తే రెండో రోజే ఒక మార్పు అడుగుతారు: బరువు తులాల్లో కూడా కనబడాలి అని. ఫంక్షన్ రాయబోయే ముందు ఏ తులమో అడగాలి. పాత లెక్కలో తులం 11.664 గ్రాములు, ఇప్పుడు పది గ్రాములనే తులమనేవాళ్ళు చాలామంది. కొట్లో పెద్దాయన ఒకటి చెబితే, బిల్లు రాసే కుర్రవాడు ఇంకొకటి చెప్పవచ్చు. ఇద్దరినీ కూర్చోబెట్టి తేల్చుకుని, ఆ అంకెను ప్రోగ్రాం నడుమ ఎక్కడో పాతిపెట్టకుండా పైన ఒకే చోట పేరు పెట్టి రాయాలి. ఒక పరీక్ష, ఆరు లైన్ల ఫంక్షన్, ఒక కమిట్. పాత పరీక్షలన్నీ మళ్ళీ నడిపి, 12,340 మిల్లీగ్రాముల గొలుసుకు ఇప్పటికీ 1,23,54,314 పైసలే వస్తోందో లేదో చూసుకుని, అప్పుడు కొట్టుకు పంపాలి.